కార్టర్‌ను రెండు ముక్కలు చేయకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చనిపోయిన వారంలో మీ పత్రికలో వచ్చిన వ్యాసం మా అమ్మాయి ఫోన్లో చూపిస్తే చదివాను. ‘అధ్యక్షుడిగా ఫెయిల్, మాజీగా పాస్’ అని శీర్షిక పెట్టారు. రాసినాయన ఒక్కడే కాదు లెండి, ఇక్కడి టీవీల్లోనూ ఆ వారమంతా అదే పాట. నేను జార్జియా రాష్ట్రంలో అమెరికస్ అనే చిన్న ఊళ్లో, కార్టర్ వాళ్ల ప్లెయిన్స్‌కు పది మైళ్ల దూరంలో, 2005 నుంచి ఒక మోటెల్ నడుపుకుంటున్నాను. ఆ మనిషిని నడుం దగ్గరికి నరికి, ఒక సగాన్ని అవతల పారేసి, రెండో సగానికి దండ వేయడం నాకు మింగుడు పడలేదు. ఉత్తరం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా మోటెల్ సంగతులు కత్తిరించండి, నారికురుపు అనే పురుగు జబ్బు సంగతి మాత్రం ఉంచండి.

2019 దాకా మాకు శనివారం రాత్రి అంటే జాతరే. మర్నాడు కార్టర్ మరనాథ బాప్టిస్ట్ చర్చిలో బైబిల్ పాఠం చెప్తున్నాడని తెలిస్తే చాలు, ఒహాయో నుంచి, మిన్నెసోటా నుంచి, టెక్సస్ నుంచి కార్లేసుకొని దిగేవాళ్లు. ప్లెయిన్స్ జనాభా ఆరొందలు కూడా లేదు. అంతమందికి అక్కడ పడకలెక్కడివి? అందుకని అమెరికస్‌కు వచ్చేవాళ్లు. కౌంటర్ మీద ఒక కాగితం పెట్టేవాణ్ని. గది నంబరు ఎదురుగా ఎన్నింటికి లేపాలో వాళ్లే రాసుకునేవాళ్లు. మూడు, మూడున్నర, మూడు, రెండూ ముప్పావు. పాఠం మొదలయ్యేది పదింటికి! కానీ లైన్లో ముందున్న వాళ్లకే చర్చి లోపల చోటు, వెనకబడితే పక్క గదుల్లో టీవీ చూసుకోవాల్సిందే. ఫోన్ మోగితే తీసి మళ్లీ పడుకునే రకాలను నమ్మలేక నేనే వెళ్లి తలుపులు తట్టేవాణ్ని.

ఇంత దగ్గర ఉండి నేను మాత్రం తొమ్మిదేళ్ల దాకా వెళ్లలేదు. శనివారం రాత్రంతా మేలుకున్న మనిషికి ఆదివారం పొద్దున చర్చి మీదికి మనసెలా పోతుంది? 2014లో మా ఆవిడ పోరు పడలేక వెళ్లాను. ఆయనకు కాపలా ఉండే సీక్రెట్ సర్వీస్ వాళ్ల కుక్క నా చెప్పుల్ని తీరిగ్గా వాసన చూసింది. కార్టర్ వచ్చి ముందు వరసల దగ్గర నిలబడి, ఎవరెవరు ఎక్కణ్ణుంచి వచ్చారని వరసగా అడిగాడు. ఒకాయన జర్మనీ అన్నాడు, ఒకావిడ ఒరెగాన్ అంది. నా వంతు వచ్చేసరికి ఏమనాలో తోచక ‘అమెరికస్’ అన్నాను. చర్చంతా నవ్వింది. ఆయనకు అప్పటికే తొంభై దగ్గర పడుతున్నాయి, ఆయనా నవ్వాడు. చందా పళ్లెం నా చేతికొచ్చినప్పుడు చూశాను, చెక్కది. ఆయనే లేతు మీద తిప్పి చేసిందట. అంచు ఒకచోట కాస్త మందం, ఒకచోట పల్చన. నాకు ఆ పాఠంలో గుర్తున్నది తక్కువ, ఆ అంచు మాత్రం వేలికి ఇప్పటికీ గుర్తే. చివర్లో ఫోటో. కరచాలనం వద్దు, కబుర్లు వద్దు, నిలబడు, నవ్వు, కదులు. తిరుమల దర్శనం కంటే రెండు సెకన్లు ఎక్కువ దొరికింది, అంతే.

ఇదంతా చదివి, ఆయన సొంత కౌంటీలో అందరూ ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారనుకోకండి. ఈ మోటెల్ నాకు అమ్మిన పెద్దాయనకు కార్టర్ పేరెత్తితే ఒళ్లు మండేది. 1980లో ఇంకో పన్నెండు గదులు వేద్దామని పునాది తీయించి బ్యాంకుకు వెళ్తే వడ్డీ 18 శాతం చెప్పారట. ఆ ఏడాది చివరికి ప్రైమ్ రేటు, అంటే బ్యాంకులు మంచి ఖాతాదారులకు వేసే వడ్డీ, 21.5 శాతం దాకా పోయింది. గదులు లేవలేదు. ఆ పునాది గుంత ఇప్పటికీ మా వెనక పార్కింగ్ పక్కనే ఉంది, వానొస్తే మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి. ‘అదిగో మీ కార్టర్ చెరువు’ అనేవాడు ఆ పెద్దాయన.

సరే, ఆ వడ్డీ ఎందుకు పెరిగింది? ధరలు ఏడాదికి 13 శాతం లెక్కన ఎగబాకుతున్న రోజుల్లో, 1979 ఆగస్టులో, పాల్ వోల్కర్‌ను అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ పీఠం మీద కూర్చోబెట్టింది కార్టరే. ఈయన వస్తే వడ్డీలు బిగిస్తాడు, ఎన్నికల్లో అది మన మెడకే చుట్టుకుంటుంది అని దగ్గరివాళ్లు హెచ్చరించినా వేశాడు. అన్నట్టే చుట్టుకుంది. 1983 నాటికి ధరల పెరుగుదల మూడు శాతం చిల్లరకు దిగింది. అప్పటికి శ్వేతసౌధంలో రీగన్ ఉన్నాడు. దుక్కి దున్నింది ఒకరు, కోత కోసుకుంది ఇంకొకరు. మా పెద్దాయన మాత్రం చచ్చేదాకా రీగన్ బొమ్మే గోడకు పెట్టుకున్నాడు.

పనామా కాలువ సంగతీ ఇంతే. దాన్ని పనామాకు తిరిగి ఇచ్చే ఒప్పందాలు సెనేట్‌లో గట్టెక్కాలంటే 67 ఓట్లు కావాలి. 1978లో 68 వచ్చాయి, రెండుసార్లూ. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ ఓటు అడగడమంటే కందిరీగల తుట్టెలో చేయి పెట్టడం. పెట్టాడు, కుట్టించుకున్నాడు. శ్వేతసౌధం కప్పు మీద 1979లో 32 సోలార్ పలకలు బిగించాడు, నీళ్లు కాచుకోవడానికి. 1986లో కప్పు మరమ్మతు చేస్తూ పీకేశారు, మళ్లీ పెట్టలేదు. ఈ పనులన్నిటికీ ఒకటే రోగం, ఫలితం కనబడేనాటికి ఆయన ఊళ్లో ఉండడు.

ఆ అలవాటు ఆయనకు పదవి నుంచి దిగాక అంటుకుంది కాదు. 1952 డిసెంబరులో కెనడాలోని చాక్ రివర్‌లో ఒక అణు రియాక్టర్ పాడైంది, లోపల ఇంధనం కొంత కరిగింది. దాన్ని విప్పడానికి అమెరికా నేవీ పంపిన మనుషుల్లో 28 ఏళ్ల లెఫ్టినెంట్ కార్టర్ ఒకడు, తన జట్టుకు పెద్ద కూడా. పక్కనున్న టెన్నిస్ కోర్టులో రియాక్టర్‌కు అచ్చం అలాంటి నకలే కట్టారు. దాని మీద పదేపదే సాధన చేయడం, తర్వాత అసలు దాంట్లోకి దిగడం. దిగిన మనిషికి ఉన్న సమయం సుమారు ఒకటిన్నర నిమిషం. ఆలోగా చేతికందిన బోల్టు విప్పుకొని బయటపడాలి, ఆ కాసేపట్లోనే ఏడాదికి సరిపడా రేడియేషన్ ఒంటికి ఎక్కేది. లోపల ఒక బోల్టు ఊడితే బయట నకలు మీద కూడా ఆ బోల్టు తీసేసేవాళ్లు, తర్వాత దిగేవాడికి లెక్క తెలియాలని. నెలల తరబడి ఆయన మూత్రంలో రేడియేషన్ కనిపించింది. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగిన నాలుగోనాటికే అధ్యక్షుడు కార్టర్ కాళ్లకు పసుపుపచ్చ తొడుగులు వేసుకొని లోపలికి నడిచి వెళ్లాడు. ఫోటో కోసం వెళ్లాడని ఇప్పటికీ అంటారు. చాక్ రివర్ తెలిసినవాళ్లు అనరు.

అధ్యక్షుల విడిది క్యాంప్ డేవిడ్‌లో జరిగిన శాంతి చర్చల గురించి మీ వ్యాసంలో ఒకటిన్నర వాక్యం ఉంది. 1978 సెప్టెంబరులో 13 రోజులు. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్ ఒకరి మొహం ఒకరు చూడలేని స్థితికి వస్తే, రెండు కుటీరాల మధ్య కార్టర్ కాగితాలు పట్టుకొని తిరిగాడు. ఒప్పందం ముసాయిదాలు ఇరవై పైచిలుకు మారాయి. చివరి రోజు బెగిన్ ఇక సంతకం పెట్టను, వెళ్లిపోతానన్నాడు. ముగ్గురూ ఉన్న ఫోటోల మీద సంతకం చేసివ్వమని ఆయన అంతకుముందే అడిగి ఉన్నాడు, మనవలకు ఇద్దామని. కార్టర్ ఆ ఎనిమిది మంది పిల్లల పేర్లూ కనుక్కొని, ఒక్కో ఫోటో మీద ఒక్కో పేరు రాసి, తనే తీసుకెళ్లి చేతిలో పెట్టాడు. బెగిన్ ఒక్కో పేరూ పైకి చదువుతుంటే గొంతు పట్టేసింది. ఆ రోజే ఒప్పందం కుదిరింది. పాలస్తీనా వాళ్ల గోడు అందులో సగంలో వదిలేశారు, అది నిజం, దాని ఫలితం ఇప్పటికీ చూస్తున్నాం. ఈజిప్టు, ఇజ్రాయెల్ మళ్లీ యుద్ధానికి దిగలేదు, అదీ నిజమే.

తప్పుల్లేవని నేననను. 1977 డిసెంబరు 31 రాత్రి టెహ్రాన్‌లో ఇరాన్ రాజు షా ఇచ్చిన విందులో గ్లాసెత్తి, ఇరాన్ సుస్థిరతకు ద్వీపం లాంటిదని పొగిడాడు. ఏడాది తిరిగీ తిరక్కుండానే ఆ షా దేశం వదిలి పారిపోయాడు. ఆ విందు మర్నాడే విమానం ఢిల్లీలో దిగింది. అక్కడ మైకు ఆపలేదని తెలియక, తారాపూర్ అణు ఇంధనం విషయంలో మొరార్జీ దేశాయ్‌కి చల్లగా, నిష్కర్షగా ఒక ఉత్తరం రాయాలని తన మంత్రితో అన్నది విలేకరుల చెవిన పడింది. మరి రెండేళ్లకు అదే కార్టర్ తారాపూర్‌కు ఇంధనం పంపాలని పట్టుబట్టి, సెనేట్‌లో రెండే రెండు ఓట్ల తేడాతో నెగ్గించుకున్నాడు. 1970లో గవర్నర్ పదవికి పోటీ చేసినప్పుడు తెల్లవాళ్ల పెత్తనం పోకూడదనుకునే ఓటర్లను బాగానే దువ్వాడు. గెలిచి ప్రమాణం చేసిన రోజు, జాతి వివక్ష కాలం చెల్లిపోయిందని వాళ్ల మొహం మీదే చెప్పాడు. ఇందులో ఏది మోసం, ఏది ధైర్యం అన్నది నేను తేల్చలేను. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లోని నాయకులను మచ్చిక చేసుకోవడం చేతకాలేదు, తనకంటే ఎక్కువ తెలిసినవాడు గదిలో లేడన్న ధీమా ఉండేది. ఇంజనీర్లలో ఆ జబ్బు మనకు కొత్తేం కాదు.

ఇరాన్ బందీల విషయం. టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం వాళ్లను 1979 నవంబరు 4న పట్టుకున్నారు, చివరిదాకా చెరలో ఉన్నవాళ్లు 52 మంది, 444 రోజులు. విడిపించడానికి 1980 ఏప్రిల్లో పంపిన ఎనిమిది హెలికాప్టర్లలో పనికొచ్చినవి ఐదే మిగిలాయి. కనీసం ఆరు కావాలి కాబట్టి వెనక్కి రమ్మన్నారు. బయల్దేరుతుంటే ఒకటి రవాణా విమానాన్ని గుద్దింది, ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. తప్పు తనదేనని కార్టర్ మర్నాడు టీవీలో చెప్పాడు. టెహ్రాన్ మీద బాంబులు వేసి ఉంటే 1980 ఎన్నికల్లో ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. వేయలేదు. 489కి 49 ఎలక్టోరల్ ఓట్ల తేడాతో చిత్తుగా ఓడాడు. ఓడాక, దిగిపోయే ముందు చివరి రెండు రాత్రులు దాదాపు నిద్ర లేకుండా ఓవల్ ఆఫీసులో కూర్చొని బేరం ముగించాడు. రీగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకు బందీల విమానం లేచింది. 52 మందీ ప్రాణాలతో ఇల్లు చేరారు. దీనికి మీ వ్యాసంలో వాడిన మాట ‘అవమానం’.

ఇక నారికురుపు.

నేను పుట్టింది అనంతపురం జిల్లాలో. మా చిన్నప్పుడు ఊరందరికీ దిగుడుబావి నీళ్లే. ఒక ఎండాకాలం మా అవ్వ చీలమండ దగ్గర పొక్కు లేచి పగిలింది, అందులోంచి తెల్లటి నారపోగులాంటిది తల బయట పెట్టింది. మా తాత దాని కొసను చీపురుపుల్ల ముక్కకు చుట్టి గుడ్డతో కట్టాడు. రోజూ పొద్దున అవ్వ పళ్లు బిగబట్టుకుంటే ఒక అర చుట్టు తిప్పేవాడు. ఆత్రపడి లాగితే లోపల తెగుతుంది, తెగితే కాలంతా చీము. నెల పట్టింది. బయటికొచ్చాక చూస్తే రెండు మూరలకు తక్కువ లేదు. మంటకు తాళలేక ఆ కాలు బావినీళ్లలో పెడితే పురుగు లక్షల పిల్లల్ని వదులుతుంది, వాటిని కంటికానని నీటి పురుగులు మింగుతాయి, ఆ నీళ్లు తాగిన మనిషికి ఏడాదికల్లా మళ్లీ పొక్కు. మందు లేదు, టీకా లేదు. నీళ్లు వడకట్టుకొని తాగడం, పుండున్న మనిషిని నీళ్లలోకి దిగనివ్వకపోవడం, ఇంతే వైద్యం. మన దేశంలో చివరి కేసు 1996లో, పోయిందని డబ్ల్యూహెచ్‌ఓ ధ్రువీకరించింది 2000లో. అది మనవాళ్ల కష్టం, దాన్ని కార్టర్ ఖాతాలో రాయను.

కానీ 1986లో ఆయన పదవి దిగాక పెట్టిన సంస్థ కార్టర్ సెంటర్ దీన్ని నెత్తికెత్తుకున్నప్పుడు 21 దేశాల్లో ఏడాదికి సుమారు 35 లక్షల మందికి ఈ పురుగు ఉండేది. ఓట్లు వేసే జబ్బు కాదు, చందాలిచ్చే జబ్బూ కాదు. 1988లో ఘనాలో ఒక పల్లెకు వెళ్తే, ఒకావిడ చంటిబిడ్డను ఎత్తుకుందనుకొని దగ్గరికి పోయాడట. చూస్తే బిడ్డ కాదు, వాచిన రొమ్ము, దాని కొన నుంచి పురుగు వస్తోంది. ఆ సంగతి ఆయన చివరిదాకా చెప్తూనే ఉండేవాడు. నైలాన్ వడపోత గుడ్డలు నేయించాడు. పశువుల వెంట తిరిగేవాళ్లకు మెడలో వేసుకొని పీల్చుకు తాగే గొట్టాలు చేయించాడు. 1995లో సూడాన్‌లో అంతర్యుద్ధం నడుస్తుంటే రెండు పక్షాలతో మాట్లాడి, ఒక పురుగు కోసం దాదాపు ఆరు నెలలు కాల్పులు ఆపించాడు, ఆరోగ్య కార్యకర్తలు పల్లెల్లోకి వెళ్లడానికి. చెప్పండి, ఇది ఏ కార్టర్ చేసిన పని? క్యాంప్ డేవిడ్‌లో కాగితాలు మోసినవాడిదా, మాజీదా? మా తాత పుల్ల తిప్పినట్టు ఆ మనిషి నలభై ఏళ్లు తిప్పాడు. రోజుకు అర చుట్టు.

2015 ఆగస్టులో క్యాన్సర్ మెదడుకు పాకిందని చెప్పడానికి విలేకరుల ముందు కూర్చొని, చివరి గినీ పురుగు (ఈ నారికురుపు పురుగే) తనకంటే ముందు చావాలన్నది తన కోరిక అన్నాడు. 2023లో లోకం మొత్తమ్మీద మనుషుల్లో తేలిన కేసులు 14. ఆఫ్రికాలో కుక్కలకూ పట్టుకుంది, అదే ఇప్పుడు అసలు తలనొప్పి. పందెంలో కార్టర్ ఓడిపోయాడనే చెప్పాలి, ఇంత దగ్గర్లో.

2025 జనవరి 4న శవయాత్ర అమెరికస్ ఆసుపత్రి నుంచి బయల్దేరింది. శుక్రవారం రాత్రికే మా గదులన్నీ నిండాయి. ఐదేళ్ల తర్వాత కౌంటర్ మీద మళ్లీ కాగితం పెట్టాను. నాలుగు, నాలుగున్నర, ఒకటి మూడు. తెల్లారాక నేనూ ప్లెయిన్స్ వెళ్లి మెయిన్ స్ట్రీట్‌లో నిలబడ్డాను. చలికి చేతులు కొంకర్లు పోయాయి. ఆయన పెరిగిన ఆర్చరీ అనే పల్లెలోని పొలం దగ్గర కార్లు ఆగాయని, అక్కడి గంట 39 సార్లు కొట్టారని తర్వాత తెలిసింది. ఆయన 39వ అధ్యక్షుడు కదా. నా పక్కన నిలబడ్డ నల్లజాతి రైతు టోపీ తీసి ఛాతీకి ఆనించుకొని, బండ్లన్నీ వెళ్లిపోయాక కూడా చాలాసేపు పెట్టుకోలేదు.

9వ తేదీ వాషింగ్టన్ కెథడ్రల్‌లో జరిగిన కార్యక్రమాన్ని మా లాబీ టీవీలో చూశాం. కార్టర్ వాళ్ల ఇంట్లో సింకు పక్కన చిన్న స్టాండు ఉంటుందని, వాడేసిన జిప్‌లాక్ సంచులు కడిగి దానికి ఆరేస్తారని మనవడు జేసన్ చెప్పాడు. మా ఆవిడ టీవీ వదిలేసి నా వంక చూసింది. మా వంటింట్లో ఆరేసిన సంచుల గురించి మా పిల్లలు పదేళ్లుగా ఎగతాళి చేస్తున్నారు.

ఇంకొక్క విషయం, ఇది చిన్న సవరణ. వ్యాసం పక్కన ‘ప్లెయిన్స్‌లోని కార్టర్ నివాసం’ అని వేసిన ఫోటో ఆయన ఇల్లు కాదు. అది ఊరి పాత రైల్వే డిపో, 1976లో ఆయన ప్రచారానికి ఆఫీసుగా వాడుకున్న షెడ్డు. ఆయన ఇల్లు 1961లో కట్టిన రెండు పడగ్గదుల ఇల్లు, కంచె వెనక ఉంటుంది, రోడ్డు మీద నుంచి ఫోటోకు దొరకదు. భార్య రోజలిన్ పక్కన ఆయన్ను పూడ్చింది ఆ పెరట్లోనే.

ఇట్లు,
మీ పాఠకుడు,
అమెరికస్, జార్జియా